గుమ్మానికి నీలం

గోడ మీద నమూనాకి పూసిన రెండు రంగు చదరాలు. ఎడమది పీచ్ పండు రంగు, కుడిది లేత నీలం. పడగ్గదికి ఏదో ఒకటి తేల్చమని లొరీథా అడిగి మూడు రోజులైంది. ఎజెల్ పొద్దున్నే కాఫీ పట్టుకుని వాటి ముందు నిలబడతాడు, నిట్టూరుస్తాడు, రొయ్యల పడవ మీదికి పోతాడు.

"పీచే బాగుందేమో," అన్నాడు నాలుగో రోజున, గోడ మీంచి చూపు తిప్పకుండానే.

అది రూథీన్ ఏరిన రంగు. అతని మొదటి పెళ్ళాం. డబ్బా కొనుక్కొచ్చి, మూత తీయకుండానే పోయింది. సవతి బతికుంటే జుట్టు పట్టుకోవచ్చు. ఇది చచ్చి సాధిస్తోంది. అతనటు వెళ్ళగానే లొరీథా నీలం డబ్బా తీసింది.

నీలం రంగు దాటి దెయ్యం లోపలికి రాదని వాళ్ళుండే దీవిలో చిన్నపిల్లలకీ తెలుసు. అక్కడి ఇళ్ళ వరండా పైకప్పుకి నీలం పూసేది అందుకే. గోడల సంగతి తర్వాత అనుకుని, ముందుగా ఆ పడగ్గది కిటికీలకీ గుమ్మానికీ రెండేసి పూతలు వేసింది.

"ఇక రావే, చూద్దాం," అంది పళ్ళు బిగించి.

సాయంత్రం ఎజెల్ మేనత్త వెర్నెల్ బెండకాయ సూపు తెచ్చింది. గది గుమ్మం చూసి ఆగిపోయింది.

"పుయ్యకముందు కిటికీలు తెరిచి, లోపలున్నవాళ్ళని పొమ్మన్నావా పిల్లా?"

"లోపల ఎవరున్నారత్తా?"

ముసలామె గొంతు తగ్గించింది. "రానివ్వని నీలం పోనివ్వదు కూడా. రూథీన్ ప్రాణం పోయింది ఆ గదిలోనే కదే." గిన్నె అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది.

లొరీథా గుమ్మం బయట నిలబడింది. పచ్చి రంగు వాసన. దాని అడుగున తలనూనె వాసన... లొరీథా తలకి నూనె రాయదు. కిటికీ చెక్క మీద గీరుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ... లోపలి వైపు నుంచే.

అప్పుడే ఎజెల్ వచ్చాడు. ఆమె వద్దనేలోపే గదిలోకి పోయి మంచం మీద కూర్చున్నాడు. గీరడం ఆగిపోయింది.

"బయటికి రావయ్యా," అంది గుసగుసగా. "ఈ నీలం గీకేస్తాను."

అతను తల వంచి ఏదో విన్నాడు.

"గీకకు."

"నాతో రావా?"

"నీతోనే ఉండేవాణ్ణి లొరీ... ఇప్పుడు తనకి దారి లేదుగా. ఒంటరిగా ఎలా వదిలేది?"

లొరీథా గురించి ఏనాడూ అంత మెత్తగా మాట్లాడలేదు అతను. భయం కంటే ముందు అదే గుచ్చుకుంది ఆమెకి. లోపలికి వెళ్ళి లాక్కురావాలనుకుంది. పచ్చి నీలం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఎజెల్ మంచం మీద కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఖాళీ వైపు పరుపు మెల్లగా కుంగింది...