గువ్వల మిట్ట ఎక్కని బస్సు

"ఏమయ్యా, నువ్వు కండక్టరువా, బొగ్గులమ్మేవాడివా?"

సంతోషమ్మ దేవసహాయంతో మాట్లాడిన మొదటి మాట ఇదే. పాపం, చిత్తూరు మిషన్ స్కూల్లో కొత్త టీచరుగా చేరదామని, తెల్లటి ఇస్త్రీ చీర కట్టుకుని తిరుపతిలో బస్సెక్కింది. మనవాడు చెయ్యి ఆనించిన చోటల్లా సీటు మీద మసి. ఆ మసి కాస్తా ఆమె చీరకి అంటుకుంది.

"రెండూ నేనేనమ్మా," అన్నాడు దేవసహాయం. "యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరకడం లేదు. ఈ బస్సు బొగ్గు తిని బతకతా ఉండాది. దాన్ని మేపేదీ నేనే, టికెట్టు కోసేదీ నేనే."

"మరి చేతులు కడుక్కునేది ఎవురు?"

బస్సంతా గొల్లుమంది. డ్రైవరు కుప్పయ్య అయితే స్టీరింగు మీద తల పెట్టుకుని మరీ నవ్వాడు. దేవసహాయానికి చెవులు వేడెక్కాయి. కోపం రావాల్సింది, ఎందుకో రాలేదు.

ఆ బస్సు వెనక నిలువెత్తు పీపా ఒకటి ఉండేది. అందులో బొగ్గు పోసి, నిప్పు రాజేసి, చెయ్యి పడిపోయేలా హ్యాండిల్ తిప్పితే గ్యాసు పుట్టేది. దాంతో బస్సు నడిచేది. నడిచేది అంటే నడిచేదే, పరుగెత్తడం దానికి తెలియదు. చంద్రగిరి దాటి గువ్వల మిట్ట దగ్గరికి రాగానే ఆయాసపడి నిలబడిపోయేది. జనమంతా దిగి మిట్ట ఎక్కాలి. కుప్పయ్య ఖాళీ బస్సును బతిమాలుకుంటూ, తిట్టుకుంటూ వెనకాల తెచ్చేవాడు.

ప్రతి సోమవారం చిత్తూరికి పోతూ సంతోషమ్మ ఆ మిట్ట ఎక్కేది. ఆమె పక్కన దేవసహాయం.

"ఇంత ఇనుము పెట్టుకోని ఈ మాత్రం ఎక్కలేదా మీ బస్సు?"

"బొగ్గు గ్యాసుకి పెట్రోలుకున్నంత దమ్ము యాడిది టీచరమ్మా?"

"దమ్ము బస్సుకి లేదా, హ్యాండిల్ తిప్పేవాళ్లకి లేదా?"

ఇలా ఉండేది వరస. ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంటే మసి పడదని ఆమె కనిపెట్టింది. సోమవారం పొద్దున కుంకుడుకాయతో చేతులు రుద్దుకుంటే ఆమె కళ్లు నవ్వుతాయని ఇతను కనిపెట్టాడు.

"ఏమప్పా, పెండ్లికొడుక్కి కూడా ఇంత నలుగు పెట్టరే!" అనేవాడు కుప్పయ్య.

ఒక సోమవారం మిట్ట మీద ఉండగా వాన దబదబా దంచేసింది. జనమంతా బస్సు వైపు పరుగు. దేవసహాయం పీపాలో పొయ్యడానికి కిందికి దించిన బొగ్గు మూట తడిసిపోతోంది. చూస్తే, సంతోషమ్మ తన గొడుగు ఆ మూటకి పట్టి, తాను నిలువునా తడుస్తూ నిలబడి ఉంది.

"అయ్యో, గొడుగు మీరు పట్టుకోండి!"

"నేను తడిస్తే ఆరతాను. బొగ్గు తడిస్తే బస్సు ఈడే. మూట ఎత్తయ్యా, చూస్తా నిలబడినావు!"

ఇంకేముంది, దేవసహాయం పని ఆ వానలోనే అయిపోయింది.

అయింది సరే, ఆ మాట ఆమెకి చెప్పొద్దూ? ఇద్దరిదీ తిరుపతిలో ఒకే చర్చి. అక్కడేమో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. బస్సులో అందరికీ చెవులుంటాయి. మాట్లాడుకోవడానికి ఉన్న చోటు ఆ మిట్ట ఒక్కటే. మిట్ట కింద గుండె నిండా తెచ్చుకున్న మాట, మిట్ట పైకి చేరేసరికి తుమ్మ కట్టె బొగ్గు మంచిదా, సర్వి కట్టె బొగ్గు మంచిదా అన్న చర్చగా మారిపోయేది. అలాగే రెండేళ్లు గడిచిపోయాయి మహానుభావుడికి!

యుద్ధం ముగిసింది. పెట్రోలు వచ్చింది. పీపా పీకేసి, బస్సుకి కొత్త రంగు వేసి, కుప్పయ్య టెంకాయ కొట్టాడు. ఊరంతా సంబరపడింది, దేవసహాయం ఒక్కడు తప్ప. ఇక గువ్వల మిట్ట దగ్గర బస్సు ఎందుకు ఆగుతుంది?

ఆ తర్వాతి సోమవారం సంతోషమ్మతో పాటు ఆమె నాయన శాంతయ్య పంతులు కూడా ఎక్కాడు. తెలుగు పంతులు. బడిలో పిల్లలు ఒత్తు తప్పితే ఊరుకునే మనిషి కాదు.

"చిత్తూరికి రెండు టికెట్లు ఇయ్యప్పా. అమ్మాయికి సంబంధం ఒకటి వచ్చింది. ఈ పొద్దే మాట ఇచ్చేసి వస్తాను," అన్నాడు సంతోషంగా.

దేవసహాయం చేతిలో టికెట్టు చిరగలేదు, నలిగింది. సంతోషమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

చంద్రగిరి దాటింది. మిట్ట వచ్చింది. "చూడండబ్బా నా బండి!" అని కుప్పయ్య గేరు మార్చాడు. బస్సు సునాయాసంగా ఎక్కేస్తోంది. ఇంకొంచెం పోతే అంతా అయిపోయినట్టే.

"ఆపండి!"

సంతోషమ్మ లేచి నిలబడింది. బస్సు కీచుమని ఆగింది.

"ఏమైందమ్మా?" శాంతయ్య కంగారుపడ్డాడు.

"ఈడ మేము దిగి నడుస్తాం నాయనా."

పంతులు ముఖం మారింది. "బస్సు బాగానే ఎక్కతా ఉండాది, ఎవురూ దిగడం లేదే. నన్ను కలుపుకోనుంటే 'మనం' అని ఉండాల. 'మేము' అన్నావు. నన్ను వదిలేసి, నీతో కూడా నడిచేది ఎవురమ్మా?"

సంతోషమ్మ తల వంచుకుంది.

దేవసహాయం ముందుకి వచ్చాడు. "నేను సార్. టీచరమ్మ చెప్పిన ఆ 'మేము'లో ఉండేది నేను. ఆమంటే నాకు ప్రాణం. రెండేండ్లు ఈ మిట్ట పక్కపక్కనే నడిచి ఎక్కినాం, అయినా చెప్పలేకపోయినాను."

"రెండేండ్లు పక్కపక్కన నడిచినారే, మరేం మాట్లాడుకున్నారు?"

"బొగ్గు గురించి సార్."

"బొగ్గు గురించా!"

"అవును సామీ," వెనక సీట్లోంచి పూలమ్మే మునెమ్మ అందుకుంది. "ఈ పిల్లోడు ఈ పొద్దు చెప్తాడు, రేపు చెప్తాడు అని చూసి చూసి మాకే ఇసుగొచ్చేసింది!"

బస్సంతా పకపక నవ్వింది. శాంతయ్య నవ్వలేదు. కూతుర్ని చూశాడు.

"నీకు ఇష్టమేనా అమ్మా?"

"ఇష్టం కాబట్టే కదా నాయనా బస్సు ఆపినాను," అంది సంతోషమ్మ, కన్నీళ్లు తుడుచుకుంటూ.

పంతులు పైపంచె సర్దుకుని, కమ్మీ పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు. ఎదురుగా ఉన్న మిట్టని ఒకసారి ఎగాదిగా చూశాడు.

"కుప్పయ్యా, బండి పైన నిలుపు," అన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఊ, దిగండి ఇద్దరూ. చిత్తూరు వాళ్లకి ఏం చెప్పాల్నో మనం ముగ్గురం మాట్లాడుకుంటా నడుద్దాం."