చువ్వకు పూసిన గ్రీజు

ఆ ఉదయం కూడా జైబున్నీసా ఉడకబెట్టిన గుడ్డపేలికలు పట్టుకుని మొగుడి మంచం దగ్గరకు వచ్చింది. రెండు నెలల కిందట నాపరాళ్ల లారీ తిరగబడి మహబూబ్ బాషా తుంటి ఎముకలు విరిగాయి. జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరు వాటిలోకి నాలుగు చువ్వలు దించి, కడుపు మీదుగా ఇనుప చట్రం బిగించాడు. అప్పటికది కొత్త వైద్యం. ప్రొద్దుటూరుకు తెచ్చినప్పటి నుంచీ చువ్వల మొదళ్లు కడగడం జైబున్నీసా పని.

కట్టు విప్పి చూసింది. కుడివైపు చువ్వల చుట్టూ వాచి చీము కారుతోంది. బాషా ఒళ్లు పెనంలా కాలుతోంది.

"కడుగుతాండా, కడుగుతాండా అంటివే! ఇదేనా కడిగేది?" అత్త దిల్షాద్‌బీ గడపలోంచే అరిచింది.

"డాక్టరు చెప్పినట్టే చేస్తాండా అత్తా."

"చేసింటే చీమెందుకు పట్టె? నువ్వు పుట్టింటికి పో. నా కొడుకును నేనే చూసుకుంటా."

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు. విప్పిన కట్టుగుడ్డ మడవబోయిన జైబున్నీసాకు దాని మీద నల్లటి జిడ్డు కనిపించింది. వాసన చూసింది. రాజుపాలెం బావుల మీద ఆయిలింజన్లు బాగుచేసే మామ ఖలందర్ చొక్కాలు ఉతికేది తానే. ఆ వాసన తెలియకపోవడమేమిటి?

"మామా, ఈ కట్టుకు గ్రీజు ఎట్లొచ్చె?"

వసారాలో ఉన్న ఖలందర్ తడబడ్డాడు. "నట్లు తుప్పు పడ్తాంటే నిన్న నువ్వు కడిగి పోయినాక చువ్వలకు రోంత పూసినా. రెండు వదులైతే స్పానర్‌తో బిగిచ్చినా. ఇనుమే కదమ్మా!"

"అది ఇంజన్ కాదు మామా! ఆ ఇనుము ఉండేది ఆయన ఎముకలో!"

ఆరేళ్ల కాపురంలో ఆమె గొంతు పెంచడం అదే మొదలు. దిల్షాద్‌బీ గడప దాటి వచ్చి, వ్యాన్ పిలవమని మొగుణ్ణి తరిమింది.

అద్దె వ్యాన్‌లో పరుపు వేసి, బాషాను ఆసుపత్రికి చేర్చారు. డాక్టరు చూసి మండిపడ్డాడు.

"ఎవరు ముట్టుకున్నారు వీటిని?"

ముసలాయన పరువు పోతుందని జైబున్నీసా తలొంచుకుంది. ఖలందర్ ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నేనే సార్. కన్నకొడుకును మిషన్ లెక్క చూసినా. ఈ పిల్ల తప్పేం లేదు."

కుడివైపు చువ్వలు తీసేయాల్సి వచ్చింది. చీము ఎముకదాకా పోలేదట. ఇంకా ఆరు వారాలు కదలకూడదు, కాలు కొంచెం ఈడ్చినా నడుస్తాడు అన్నాడు డాక్టరు.

"మిగతా చువ్వలు ఇంటి దగ్గర ఎవరు చూస్తారు?"

దిల్షాద్‌బీ కోడలి భుజాలు పట్టుకుని ముందుకు నెట్టింది.

"ఈ యమ్మే సార్. మమ్మల్ని ఎవర్నీ దగ్గరికి రానీయొద్దని ఈ యమ్మికే చెప్పండి," అంటూ అందరి ముందూ బావురుమంది.