నాలుగు రాత్రుల జీరో బల్బు

మధ్యాహ్నం బెల్లు కొట్టినా ఏడో తరగతి పిల్లలు అన్నానికి కదల్లేదు. అందరూ సుమన చార్టు చుట్టూ మూగారు. రేపు జనగామలో సైన్స్ ఎగ్జిబిషన్. కొడకండ్ల దగ్గరి ఈ పల్లె బడి నుంచి వెళ్లేది ఈ ఒక్క చార్టే.

"రెండు డబ్బాల్ల తెల్ల ఎలుకలు పెట్టిన. ఒక డబ్బా రాత్రంత జీరో బల్బు కింద, ఇంకోటి చీకట్ల" అని సుమన గొప్పగా చెబుతోంది. "రోజు పొద్దున ఒక కొత్త ఎలుకను లోపల వదిలిన. చీకటి డబ్బలయి ఉరికొచ్చి వాసన చూసినయ్. వెలుగు డబ్బలయి మూలకే కూసున్నయ్. ఎన్నిసార్లు దగ్గరికొచ్చినయో అన్ని రాసిన."

"శభాష్ బిడ్డా!" అంది అరుణ మేడం. "పది రోజులు! ఒక్క రోజు గూడ లెక్క తప్పలే. మా బడి పిల్ల అని అందరికి చెప్పుకుంట."

సుమన ముఖం వాడిపోయింది.

లెక్క తప్పింది మరి. ఆరో రోజు సాయంత్రం ఏరిన పత్తి ఇంటికొచ్చింది. చీకటి డబ్బా ఉన్న లోపలి గదిలో కప్పు దాకా పత్తే. ఎలుకలు నలిగిపోతాయని నాన్న బక్కయ్య ఆ డబ్బాను కూడా హాల్లోకి తెచ్చి, జీరో బల్బు కిందే పెట్టాడు. పాపం, ఆయన మేలే చేశాననుకున్నాడు. సుమన చూసి కూడా ఊరుకుంది. ఆ నాలుగు రోజులూ చీకటి డబ్బా ఎలుకలూ మూలకు చేరాయి. ఆమె చార్టు మీద ఆ అంకెలు రబ్బరుతో తుడిచేసి, వేరేవి రాసేసింది.

ఇప్పుడు చెబితే జనగామ ఆశ వదులుకోవాల్సిందే. నాన్న వాడంతా చెప్పుకున్నాడాయె! కానీ మేడం మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంది.

"మేడం, ఆఖరి నాలుగు అంకెలు నేనే కల్పించిన" అనేసింది సుమన. పత్తి సంగతంతా చెప్పి ఏడ్చేసింది.

మేడం చార్టును దగ్గరికి లాక్కుంది. "అసలు అంకెలు యాదికున్నయా?"

"రఫ్ బుక్కుల ఉన్నయ్ మేడం."

మేడం ఆ పుస్తకం రెండుసార్లు చూసింది. "పిచ్చి పిల్లా! వెలుగు తగలంగనే చీకటి డబ్బలయి గూడ మారినట్టున్నయ్. గింత మంచి సంగతిని రబ్బరుతోని తుడుస్తరా? నిజమో కాదో మళ్ల చేసి చూద్దం. కని దాచొద్దు."

మర్నాడు జనగామలో జడ్జి సారు చార్టు ముందు ఆగాడు. పక్కన బక్కయ్య కొత్త తువ్వాల వేసుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. సుమన తలెత్తి, ఎర్ర స్కెచ్ పెన్నుతో దిద్దిన నాలుగు గడుల మీద వేలు పెట్టింది.

"సార్, ముందుగాల గిది చూడుండ్రి" అంది. "గీడ నేను తప్పు చేసిన."