వాగు దాటిన బాలింత

"అత్తమ్మా... పాప నాకు ఇద్దరు లెక్క కనబడుతున్నదే!"

జ్యోత్స్న కేక విని, వంటింట్లో వెల్లుల్లి కారం దంచుతున్న మల్లక్క రోకలి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. కోడలు మంచం మీద రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుంది. ముఖం ఉబ్బి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కాన్పయి వారం కూడా కాలేదు. పొద్దుటి నుంచి తలనొప్పి అంటూనే ఉంది పాపం! నిద్ర చాలక అనుకున్నారు అందరూ. తనూ అలాగే అనుకుని ఓర్చుకుంది. రేగుంటలో ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ అత్తను చూస్తే ఆమెకు భయమే. మల్లక్క నవ్వదు, మెచ్చుకోదు. బాలింత పథ్యం విషయంలో మరీ కఠినం! చెవులకు గుడ్డ, తలుపులకు గడియ... నీళ్ళు కూడా అడిగి తాగాలి! ఇప్పుడేమంటుందోనని జ్యోత్స్న ఆ నొప్పిలోనూ బిక్కచచ్చిపోయింది.

మల్లక్క వంగి కోడలి పాదం మీద బొటనవేలితో నొక్కి చూసింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది! ఆమె ముఖం పాలిపోయింది.

"గణపతీ! సిరొంచ దవాఖానకు పోవాలె. జల్ది!"

"ఏంది వదినె, గిదేం మాట!" అంటూ అడ్డం వచ్చింది మల్లక్క ఆడబిడ్డ యాదక్క. "పురుడు దీరని బాలింతను వాన్ల గడప దాటిస్తవా? జర మిరియాల కషాయం పోస్తే తగ్గదా తలనొప్పి?"

గణపతి భార్య వైపూ తల్లి వైపూ చూసి నలిగిపోయాడు. "రోడ్డు మీదికి వాగొచ్చిందే అమ్మా... ఆటో దాటదు. రేపటి దాంక జూద్దామా?"

"రేపా!" మల్లక్క కొడుకు చెయ్యి పట్టుకుంది. "నన్ను గన్నంక మా అవ్వకు సుత గిట్లనే తలకాయ నొచ్చిందట బిడ్డా! గిట్లనే కండ్లు మసకలైనయట! రేపు జూద్దామన్నరట అందరు... ఆ రేపు మా అవ్వకు రాలే! అవ్వ ముఖమెట్లుంటదో నేనెరుగ. నా మనుమరాలికి గా గతి పట్టొద్దురా!"

తను వేసిన గడియను తనే తీసి, తలుపులు బార్లా తెరిచింది మల్లక్క. యాదక్క కళ్ళొత్తుకుంటూ పాపను తువ్వాలలో చుట్టి గుండెకు హత్తుకుని వెంట బయల్దేరింది. అవతలి ఒడ్డుకు ఆటో రమ్మని గణపతి ఫోన్ చేశాడు. ఇరుగుపొరుగు మగవాళ్ళతో కలిసి మంచం ఎత్తాడు. వాగు దగ్గర రోడ్డు కనిపించడం లేదు, ఎర్రటి నీళ్ళు తప్ప! మల్లక్క చీర బిగించి, కర్రతో రోడ్డు అంచు తడుముకుంటూ అందరికంటే ముందు దిగింది. "నా వెనకనే రాండ్రి... నేను అడుగేసిన కాడనే ఎయ్యండ్రి!" మోకాళ్ళను కోస్తున్న ఆ నీళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆగలేదు. మంచం మీద నుంచి జ్యోత్స్నకు మసకమసకగా ఆమె వీపు మాత్రమే కనిపించింది. ఆటో ఎక్కించాక కోడలి ఒళ్ళంతా కొయ్యబారి మూర్ఛ వచ్చేసింది!

దవాఖానలో స్పృహ వచ్చేసరికి జ్యోత్స్నకు అంతా చీకటే.

"అత్తమ్మా! దీపాలు పోయినయా?"

కిటికీలోంచి పట్టపగటి ఎండ పడుతోంది! తెలుగు రాని డాక్టరమ్మ వచ్చి మల్లక్క భుజం తట్టి, హిందీలో నెమ్మదిగా చెప్పింది. "కాన్పయ్యాక కూడా బీపీ ఇలా ఎగబాకుతుందమ్మా. తలనొప్పి, చూపు మసకబారడం, ఒళ్ళు ఉబ్బడం... వీటిని చూసీ ఆగితే ప్రాణానికే ముప్పు. మీరు ఆగలేదు, అందుకే ఈమె బతికింది. బీపీ దిగుతోంది. చూపు కూడా తిరిగొస్తుంది, ధైర్యంగా ఉండండి."

అప్పటి నుంచి మల్లక్కే కోడలికి కళ్ళయింది. అన్నం కలిపి తినిపించింది. పాపను ఒడిలో పెట్టి, కోడలి వేళ్ళు పట్టుకుని పసి ముఖం మీద ముక్కు నుంచి గడ్డం దాకా నడిపించింది. "గిది ముక్కు, నీదే. గీ గదుమ మా గణపతిది. జూడు, నవ్వుతాంది దొంగది!" ఎన్నడూ నవ్వని ఆ గొంతులో నవ్వు వినిపిస్తుంటే జ్యోత్స్న కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. ఇన్నాళ్ళూ ఎవరిని చూసి భయపడ్డాను నేను!

మర్నాడు సాయంత్రానికి కిటికీ చువ్వలు తెలిశాయి. తర్వాత గోడలు... మంచం పక్కన నేల మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని కునుకుతున్న మల్లక్క... జ్యోత్స్న చూపు అక్కడే నిలిచిపోయింది. వాగులో రాళ్ళు కోసిన గాట్లతో వాచిపోయిన పాదాలు! ఒక పాదానికి పాత చీరపేలిక చుట్టి ఉంది. దవాఖానలోనే ఉండి కూడా ఎవరికీ చూపించుకోలేదు!

"అత్తమ్మా... మీ కాళ్ళు..."

మల్లక్క ఉలిక్కిపడి లేచింది. కోడలి కళ్ళలోకి చూసింది. "కనబడ్తున్నదా బిడ్డా! నా కాళ్ళకేమైంది గని, ముందుగాల నీ బిడ్డను జూడరాదు, పిచ్చిదాన!"

పాపను అందించబోయిన ఆ చేతులను జ్యోత్స్న పాపతో సహా దగ్గరికి లాక్కుంది. అత్త భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. మల్లక్క ఒక చేత్తో ఆమె జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

"ఏడ్వకు బిడ్డా... చిన్నది సుత ఏడుస్తది. ఇగ పాలియ్యి."