బుట్టలో సగం

ఆదివారం పొద్దున ఆరింటికి మీరాలం మండిలో స్వరూప చేసిన మొదటి పని, ముక్కూ మొహం తెలియని మనిషి బేరం చెడగొట్టడం.

ఆ మనిషి పావుగంటగా టమాటా బుట్ట ముందు గొంతుక్కూర్చుని, మూడొందలు చెప్పిన ధరను ఓపిగ్గా రెండొందలకు దించాడు. సరిగ్గా డబ్బులు తీయబోతుంటే వెనక నుంచి స్వరూప "రెండొందల ఇరవై" అంది. బుట్ట ఆమె వైపు తిరిగింది.

"ఏందమ్మా, నేను కష్టపడి దించితే నువ్వు ఎక్కిస్తవా?" అంటూ అతను లేచాడు. గ్రీజు మరకల నీలం చొక్కా, నిద్ర చాలని కళ్లు.

"నువ్వు కొంటలేవు గదా, ముచ్చట పెడుతున్నవ్" అంది స్వరూప.

"అది ముచ్చట కాదు, బేరం."

బుట్ట విప్పి కిలోల లెక్కన అమ్మనని ముందే చెప్పిన టమాటాల చాచాకు విసుగొచ్చింది. "ఆధా ఆధా లేలేవ్ బాబా, మేరా దిమాక్ నక్కో ఖావ్" అన్నాడు, నా బుర్ర తినకుండా సగం సగం తీసుకోండన్నట్టు. నిజానికి పది కిలోలు ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేదు. అతను దించిన రెండొందలకే చెరి సగం తీసుకున్నారు. డబ్బులు మిగిలాయన్న సంతోషం కంటే, ఆ ఉపాయం ముందు తనకు తట్టలేదన్న ఉక్రోషమే స్వరూపకు ఎక్కువైంది.

స్వరూప వాళ్లది బహదూర్‌పురా. తండ్రి ఆగయ్య బస్ డిపోలో మెకానిక్. వానలో బండి జారి కాలు విరిగి మంచమెక్కాడు. జీతం సగానికి పడిపోయింది. చష్మాల దుకాణంలో స్వరూప తెచ్చే జీతం కలిపినా నెల గడవడం కష్టం. అందుకే ఇంటి పెత్తనం ఆమె తీసుకుంది. రెండో పాల ప్యాకెట్ ఆపించింది, చూడని టీవీ చానళ్లు తీయించింది. గల్లీ చివర కొట్టులో కూరగాయలు కొనడం మానేసి వారానికోసారి మండికి రావడం మొదలుపెట్టింది.

నీలం చొక్కా అతని పేరు ప్రేమ్‌రాజ్. లిఫ్ట్ మెకానిక్. ఉండేది సైదాబాద్. మండి పక్కనే ఉన్న ఒక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి, కూరగాయలు కొనుక్కుని, ఇంటికెళ్లి స్నానం చేసి తొమ్మిదింటికి అమ్మతో చర్చికి వెళ్తాడు. చెల్లెలు స్వీటీ నర్సింగ్ చదువు కోసం వాళ్లింట్లోనూ ఖర్చులకు కత్తెర పడింది.

ఇవన్నీ ఆమె ఒక్కరోజులో తెలుసుకున్నవి కావు. తర్వాతి ఆదివారం ఉల్లిగడ్డ సంచి, ఆ పై వారం వంకాయల బుట్ట, అలా పంచుకుంటూ తెలుసుకున్నవి. పోనుపోను అదొక పోటీ అయింది. పప్పు గంట ముందు నానబెడితే గ్యాస్ బండ ఇంకో వారం వస్తుందని ఆమె చెబితే, వారం బట్టలన్నీ ఒకేసారి ఇస్త్రీ చేస్తే కరెంటు కలిసొస్తుందని అతను చెప్పేవాడు. ప్రేమించుకునే వాళ్లు ఇలాంటివి మాట్లాడుకుంటారని స్వరూపకు తెలియదు కాబట్టి ఆమెకు ఏ అనుమానమూ రాలేదు.

ఒక ఆదివారం ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు. ప్రేమ్‌రాజ్ ఖాళీ గోనెసంచి తెచ్చి ఆమె తల మీద పట్టాడు. తను పూర్తిగా తడిశాడు. "నువ్వు గూడ లోపలికి రా" అందామనుకుని స్వరూప అతని మొహం చూసింది. చూసి, ఏమనాలో మర్చిపోయింది.

ఆరు నెలలకు ఆగయ్య మళ్లీ డ్యూటీకి ఎక్కాడు. డిపో దోస్తులకు ఇంట్లో దావత్ పెట్టుకున్నాడు. ఆ పొద్దున మండిలో స్వరూప బుట్ట మొత్తం తనకే కావాలంది. ఎందుకని అడిగాడు ప్రేమ్‌రాజ్. ఆమెకు కొంటెతనం పుట్టింది.

"ఇంటికి పెద్దోళ్లు వస్తున్నరు. నన్ను చీర కట్టుకోమన్నరు."

ఎవరని అడుగుతాడనుకుంది. అడగలేదు. బుట్ట తీసుకెళ్లి ఆటోలో పెట్టి, "మంచిగుండు" అని వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. జీతం పూర్తిగా వస్తున్నాక ఇంకా మండి ఎందుకని ఇంట్లో అడిగినా స్వరూప సంచి పట్టుకుని బయల్దేరేది.

మూడో ఆదివారం సైదాబాద్ వెళ్లింది. మాదన్నపేట దగ్గర ఆటో దిగేసరికి రోడ్డంతా కూరగాయల బుట్టలే. అదీ మండే. ప్రేమ్‌రాజ్ ఎప్పుడో చెప్పిన చర్చి గల్లీ ఎక్కడని అడిగితే పక్క సందు చూపించారు.

గుమ్మంలో గోంగూర ఒలుస్తున్న ప్రేమ్‌రాజ్ తల్లి కళావతి ఆమెను కూర్చోమంది. ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేశాడా అని స్వరూప అడిగింది.

"ఆ నైట్ డ్యూటీ బందై మూడు నెలలాయె బిడ్డా. గింత దగ్గర మండి పెట్టుకొని, బండేసుకొని మీరాలం దాంక ఎందుకు పోతుండో నాకు సమజ్ కాలే. ఈ మధ్యనే మానిండు."

సంచితో గల్లీలోకి వచ్చిన ప్రేమ్‌రాజ్ ఆమెను చూసి ఆగిపోయాడు. స్వరూప ఎదురెళ్లింది.

"మూడు నెలల సంది పెట్రోల్‌కు ఎంతయింది?"

"లెక్క పెట్టలే."

"నువ్వా?"

"పెడితే బంద్ జెయ్యాల్సొస్తదని పెట్టలే."

స్వరూప గొంతు తగ్గించింది. "ఆ రోజు వచ్చింది బాపు డిపో దోస్తులు. నువ్వు అడుగుతవేమోనని గట్లన్న."

"అడిగితే?"

"పెండ్లిచూపులైతే వద్దంటవేమో అని చూసిన."

"అనాలనే ఉండె. నేనెవరిని అనెటందుకు అనుకున్న." సంచి కింద పెట్టాడు. "ఇప్పుడంటున్న. ఎవరొచ్చినా వద్దని చెప్పు."

ఆ సాయంత్రమే స్వరూప ఇంట్లో చెప్పింది. ఆగయ్య నాలుగు రోజులు ఆ మాట దాటవేశాడు. ఏటా ఇంట్లో అమ్మవారికి బోనం చేసే మనిషి, బిడ్డ చర్చికి వెళ్లే ఇంటికి కోడలవుతానంటే వెంటనే తల ఊపలేకపోయాడు. అయిదో రోజు కొంచెం కుంటుతూనే సైదాబాద్ బయల్దేరాడు. స్వరూప వెంట వెళ్లింది.

ప్రేమ్‌రాజ్‌ని పని గురించి అడిగాడు, చెల్లెలి చదువు గురించి అడిగాడు. చివరికి కళావతి వైపు తిరిగాడు.

"అక్కా, ఆదివారం నా బిడ్డ మీ ఎంట చర్చికొస్తే రానీ. బోనాలకు మాత్రం ఇద్దరు మా ఇంట్ల ఉండాలె."

"పంపిస్త అన్నా. క్రిస్మస్‌కు మీరు రావాలె" అంది కళావతి.

ఆగయ్య హాయిగా వెనక్కి వాలి పిల్లలిద్దరినీ చూశాడు. "ఇంకో మాట. ఆర్నెల్లు నా బిడ్డ పోసిన పలచని పప్పు తాగిన. పెండ్లి దావత్‌ల మీ ఇద్దరి పెత్తనం నడవది. పిలిచినోళ్లందరు కడుపునిండ తినాలె."

"సరే మామా" అన్నాడు ప్రేమ్‌రాజ్ వినయంగా.

స్వరూప మాత్రం ఆగలేకపోయింది.

"ఎంతమందిని పిలుస్తున్నవ్ బాపు?"