చప్పుడు మరిచిన చెంపదెబ్బ

జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ముగ్గుబుట్ట అయ్యేదాకా స్టేజీ మీద మా ఆవిడ చేత చెంపదెబ్బలు తిన్నాను. వాటిని వరసగా పేరిస్తే ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు వేయొచ్చు. అయినా ఒక్కటంటే ఒక్కటి నా చెంపను తాకలేదు. అలాంటి మొగుడు భూప్రపంచంలో నేనొక్కణ్ణే!

కిటుకు చెబుతాను. ఆవిడ చెయ్యి నా చెంపకు జానెడు దూరంలో ఆగుతుంది. సరిగ్గా అప్పుడే నేను కోటు చాటున రెండు అరచేతులూ ఫట్టున చరుస్తాను. చప్పుడు చేసే పూచీ ఎప్పుడూ దెబ్బ తినేవాడిదే. ఆ ఒక్క దెబ్బకు హాళ్లు నిండేవి. తర్వాత జనానికి కొత్త నవ్వులు దొరికాయి. మా పోస్టర్ల మీద వేరేవాళ్ల పోస్టర్లు పడ్డాయి.

అందరూ మమ్మల్ని మరిచిపోయాక ఒక డైరెక్టరు వచ్చి, మా ఇద్దరి మీద సినిమా తీస్తానన్నాడు.

"కామెడీయా బాబూ?"

"కాదు తాతగారూ, బయోపిక్."

అదేదో జబ్బనుకుని మా ఆవిడ అతనికి మంచినీళ్లిచ్చింది.

నా వేషం వేసే అబ్బాయి టీవీలో పేరున్నవాడు. మా ఆవిడ వేషం వేసే అమ్మాయికి అదే మొదటి సినిమా. దెబ్బ నేర్పడానికి మమ్మల్ని రిహార్సల్ రూముకు పిలిచారు.

"ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు చూడాలి. చూపు పక్కకి పోతే దెబ్బ తగులుతుంది" అంది మా ఆవిడ.

అమ్మాయి చూసింది. అబ్బాయీ చూశాడు. చెయ్యి లేచింది, వచ్చింది, ఆగింది. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"చేతులు చరచాలండీ!" అంది అమ్మాయి.

"సారీ. వన్ మోర్."

మళ్లీ ఫ్యానే వినిపించింది. అమ్మాయి ముక్కు ఎర్రబడింది.

"కావాలనే చేస్తున్నారు కదూ? కొత్తమ్మాయికి ఏమీ రాదని చెప్పి నన్ను తీయించేద్దామనా?"

"అయ్యో, నేనా? మీ కళ్లు..."

"నా కళ్లకేమైంది?"

"ఏం లేదు. రూములో లైటింగ్ బాగుంది."

నేను దగ్గాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

రోజూ ఇదే వరస. చివరికి డైరెక్టరుకు విసుగొచ్చింది. "ఖాళీ హాల్లో మీ ఆఖరి షో, అందులో ఈ దెబ్బ. ఇదే క్లైమాక్స్ తాతగారూ. రేపు కుదరకపోతే హీరోని మార్చేస్తాను."

మర్నాడు మేకప్ రూములో అబ్బాయి పెట్టుడు మీసంతో, ఉరికంబం ఎక్కబోయేవాడిలా కూర్చున్నాడు.

"తాతగారూ, ఆవిడ కళ్లలోకి చూస్తూ కూడా మీకు చేతులెలా గుర్తుండేవి?"

"అది మా వంశవిద్య నాయనా. నేను ఒక్కసారైనా..."

"ఆపండి మీ కోతలు!" అంది మా ఆవిడ, అమ్మాయి జుట్టు సర్దుతూ. "ఆఖరి షోలో మరిచిపోలేదూ? ముందు వరస దాటి పురుగు లేదు. ఈయన ఆ ఖాళీ కుర్చీలు చూస్తూ బిగుసుకుపోయారు. నా చెయ్యి లేచాక ఏం చేయను? ఉన్న ఆ నలుగురూ టికెట్టు కొని వచ్చినవాళ్లాయె. నిజంగానే వాయించాను."

నా గొప్పంతా గాలికి ఎగిరిపోయింది. పోతే పోనీ!

"బాగా తగిలిందా తాతగారూ?" అంది అమ్మాయి జాలిగా.

"పళ్లన్నీ లేచి కుర్చీలు మార్చుకున్నాయమ్మా! కానీ ఆ నలుగురూ నిండు హాలంత నవ్వారు. లోపలికి వెళ్లాక మీ బామ్మగారు తడి రుమాలు నా చెంపకు అద్దుతూ, 'ఇక చాలండీ' అని ఏడ్చింది. అంతే, మళ్లీ స్టేజీ ఎక్కలేదు."

ఈ సంగతి డైరెక్టరుకు చెప్పకూడదని ఇద్దరి చేతా మాట తీసుకున్నాను. సినిమాలోనైనా నా పరువు నిలవాలి కదా.

అమ్మాయి అబ్బాయి వైపు తిరిగింది. "మీరేం చూసి మరిచిపోతున్నారు? రిహార్సల్ రూములో ఖాళీ కుర్చీలు కూడా లేవే!"

"మిమ్మల్నే" అన్నాడు అబ్బాయి. "మొదటి రోజు నుంచీ అంతే. మిమ్మల్ని చూస్తే ఈ చేతులు నా మాట వినడం లేదు. నన్ను మార్చేసినా ఫర్వాలేదు. మిమ్మల్ని చిన్నబుచ్చాలని చేశానని మాత్రం అనుకోకండి."

అమ్మాయి అద్దం వైపు తిరిగింది. పౌడరు వేసిన ముఖానికే మళ్లీ పౌడరు వేసుకుంది.

సెట్లో డైరెక్టరు "యాక్షన్!" అన్నాడు. అబ్బాయి పంచప్రాణాలూ అరచేతుల్లోకి తెచ్చుకున్నాడు.

ఫట్!

చప్పుడు అదిరిపోయింది. దెబ్బే రాలేదు! అమ్మాయి చెయ్యి లేచిన చోటే ఆగిపోయింది. కళ్లు అబ్బాయి కళ్లలో చిక్కుకుపోయి ఉన్నాయి. కొట్టనివాళ్ల చేత దెబ్బ తిని తూలుతున్నాడు వాడు.

ముందు లైట్లవాళ్లు నవ్వారు. తర్వాత కెమెరా పట్టుకున్నవాడు నవ్వాడు. ఖాళీ హాలు సెట్టంతా నవ్వులతో నిండిపోయింది. అమ్మాయి ఆ లేచిన చేత్తోనే ముఖం దాచుకుంది.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. "ఇప్పుడు ఎవర్ని మార్చమంటారు బామ్మగారూ?"

"ఎవర్నీ వద్దు బాబూ. ఇద్దరిదీ ఒకటే జబ్బు. టీ తాగనివ్వు, సర్దుకుంటుంది."

సర్దుకుంది. టీ తర్వాతి టేకు ఓకే. మధ్యాహ్నం ప్యాకప్ అయ్యేసరికి బయట కుండపోత వాన. ఇద్దరికీ కలిపి ఒక్కటే గొడుగు దొరికింది.

"ఇంకా ఇటు జరగండి" అంది అమ్మాయి. "రేపు రిహార్సల్‌కి లేటుగా రాకండి."

"సీన్ అయిపోయిందిగా?"

"మీకు అయిపోయిందేమో!"

ఇందులో వాన ఒక్కటే నా కల్పన. ఆ రోజు రాళ్లు పగిలే ఎండ, ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ప్రేమ కథలో చినుకు పడకపోతే కుర్రకారు పుస్తకం మూసేస్తారని నేనే కురిపించాను. గొడుగు మాత్రం నిజం. గేటు దాటి, చెట్ల నీడలోకి వెళ్లాక కూడా వాళ్లు దాన్ని మడవలేదు.