ఒక్క పోస్టుకు మూడు వందల మంది

జగిత్యాలలో ఆ ప్రైవేటు ఆసుపత్రి ముందు ఆటో దిగిన రచన అక్కడే కొయ్యబారిపోయింది.

కావలసింది ఒక్క కంప్యూటర్ ఆపరేటర్. వచ్చింది మూడు వందల మంది. ఎవరి చేతిలో చూసినా బీటెక్ ఫైలే.

రచనది సిరిసిల్ల. కంప్యూటర్ సైన్సులో డిస్టింక్షన్. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆఫర్ లెటర్ ఇచ్చి, జాయినింగ్ తేదీని నాలుగుసార్లు జరిపి, చివరికి క్షమించమంటూ రెండు ముక్కల మెయిల్ పంపింది. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోనేలేదు.

ఎండకు చున్నీ మొహానికి చుట్టుకుని రెండు గంటలు నిలబడింది. అంతలో పొడుగాటి కుర్రాడొకడు వచ్చి ముందు దూరాడు.

"ఓ అన్నా! లైను కనవడ్తలేదా?"

"నేను పొద్దుగాల్నే అచ్చి పేరు రాయించిన. జిరాక్స్‌కు పోయిన, గంతే."

"జిరాక్స్‌కు పోయినోళ్లంత ముందట్కి అస్తే మేం ఇంటికి పోవాల్నా?"

ఆమె గొంతులో తడి వినిపించిందేమో, అతను చటుక్కున పక్కకు తప్పుకున్నాడు. "సరే తియ్, నువ్వే ముందు పో. నాకు గిది పన్నెండో ఇంటర్వ్యూ. నీకు?"

"తొమ్మిదోది."

ఇద్దరికీ నవ్వొచ్చింది.

"నేను మూడేండ్లు జాబ్ గూడ చేసిన," అన్నాడతను. "మార్చిల మా టీమునంత తీసేసిండ్రు. మా పని ఇగ సాఫ్ట్‌వేరే చేస్కుంటదట."

లోపలినుంచి కేక వినిపించింది. "చందు! తండ్రి జలపతి, కోరుట్ల!"

"నేనే!" అంటూ అతను లోపలికి పరుగెత్తాడు.

రచన ఆ పేర్లు మళ్లీ మననం చేసుకుంది. ఐతారం, అంటే ఈ ఆదివారం, తనను పెళ్లిచూపుల్లో చూడడానికి వస్తున్నది కోరుట్ల బట్టల దుకాణం జలపతి కొడుకు చందు! హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమన్నారు. తనే మొండికేసి ఫోటో చూడలేదు.

అతను బయటికి రాగానే ఎదురెళ్లి చున్నీ తీసేసింది. "నేను సిరిసిల్ల బాలయ్య బిడ్డను. రచనను."

చందు చేతిలో ఫైలు జారి, సర్టిఫికెట్లన్నీ కిందపడ్డాయి.

"నౌకరి పోయినట్టు మా ఇంట్ల తెల్వదు," అన్నాడు వాటిని ఏరుకుంటూ. "హైదరాబాద్‌ల దోస్తు రూంల ఉంటున్న. ఐతారం లోపట ఏదో ఒకటి దొర్కుతదనుకున్న."

"దొర్కకుంటే? అబద్ధం మీదనే లగ్గం జేస్కుంటవా? నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

జవాబు వినకుండానే లోపలికి వెళ్లి, తన ఇంటర్వ్యూ ముగించుకుని బస్సెక్కింది. వేములవాడ దాకా కోపంగానే ఉంది. వేములవాడ దాటాక, లైనులో అతను పక్కకు తప్పుకున్న తీరు గుర్తొచ్చింది.

ఐతారం రానే వచ్చింది. చందు తల్లిదండ్రులతో సిరిసిల్ల వచ్చాడు. రచన తల్లి సరోజన చాయ్ గ్లాసులు అందించి భర్త బాలయ్య పక్కన నిలబడింది. చందు గ్లాసు ముట్టలేదు.

"నాకు నౌకరి లేదు. మార్చిలనే పోయింది."

జలపతి చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. చందు తల్లి దేవమ్మ, "ఏమంటున్నవ్‌రా? నిన్న గూడ ఆఫీసుల ఉన్న అంటివి గద!" అంది. రచన కూడా బిత్తరపోయింది. నిజంగానే చెప్పేస్తాడని ఆమె అనుకోలేదు.

"నాకు ముందుగాల్నే తెల్సు బాపూ," అనేసింది. "జగిత్యాలల గదే పోస్టుకు ఇద్దరం నిలవడ్డం."

ఈసారి అందరూ ఆమెవైపు తిరిగారు.

బాలయ్య సాంచెలు నడుపుతాడు. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను అలాగే అంటారు.

"మా నాయిన చేతిమగ్గం నేసెటోడు," అన్నాడు ఉన్నట్టుండి. "సాంచెలు అచ్చినయి, ఆయన మగ్గం ఆగింది. ఆర్నెల్లు మాకు చెప్పలే. రోజు తువ్వాల భుజాన ఏస్కొని పనికి పోయినట్టే పోయెటోడు. పని పోయింది గని, ఆయన పనితనం యాడ్కి పోతది?" జలపతి వైపు తిరిగాడు. "బావా, ఇద్దరిట్ల ఎవలికి ముందుగాల నౌకరి అచ్చినా లగ్గం జేద్దాం."

"ఆడివిల్ల నౌకరి మీద లగ్గమా?" జలపతి తెల్లబోయాడు.

"నా బిడ్డ సదువుకోలేదా?"

రచన కళ్లు చెమర్చాయి. తండ్రి నోట ఇలాంటి మాట ఆమె ఎన్నడూ వినలేదు. జలపతి దేవమ్మ వైపు చూసి, సరేనన్నట్టు తలూపాడు.

వెళ్లేటప్పుడు గడప దగ్గర చందు మెల్లగా అన్నాడు. "లైన్ల అన్నా అన్నవ్. గా మాట వాపస్ తీస్కో."

"నౌకరి తెచ్చుకో, తీస్కుంట."

ఆసుపత్రి పోస్టు ఇంటర్ చదివిన అమ్మాయికి వెళ్లింది. బీటెక్ వాళ్లు నాలుగు రోజులు కూడా నిలవరట. అది విని ఇద్దరూ ఫోనులో కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ తర్వాత రోజూ ఫోనే. ఎక్కడ ఖాళీ కనిపించినా ఒకరికొకరు పంపుకునేవారు. చందు కోరుట్లలో తండ్రి దుకాణంలో కూర్చుంటూనే ప్రయత్నాలు చేస్తున్నాడు.

రెండు నెలలకు, జోరున వాన కురుస్తున్న మధ్యాహ్నం, రచన అతనికి ఫోన్ చేసింది.

"ఏం జేస్తున్నవ్?"

"చీరలు మడత వెడ్తున్న. ఏమైంది, గొంతు గట్లున్నది?"

"టెక్స్‌టైల్ పార్కుల ఓ కంపెనీకి సాఫ్ట్‌వేర్ చూస్కునే పని. సెలెక్టయిన."

అటుపక్క చీరల గరగర ఆగిపోయింది.

"చందూ? బాధైందా?"

"బాధ కాదు... మీ బాపు చెప్పిన మాట... అంటే ఇప్పుడు..."

"అంటే ఇప్పుడు నేనే అడుగుతున్న. నన్ను చేస్కుంటవా?"

అటుపక్క ఏదో దబదబా కూలిన చప్పుడు. వెనక దేవమ్మ కేక. "ఏందిరా, చీరలన్ని మీదేస్కున్నవ్?"

ఆ తర్వాత దుకాణమంతా దద్దరిల్లేలా చందు అరుపు.

"అమ్మా! నాకు లగ్గం కుదిరిందే!"